సమాధానం: గోరింటాకు ఎర్రగా పండాలన్నా, అందరూ ఓచోట కూర్చోవాలన్నా

ఆదివారం అందరూ ఇంట్లోనే ఉన్నా ఎవరి ఫోను వాళ్లదేనని మీ ఉత్తరంలో అన్నారు. ఆషాఢం కదాని గోరింటాకు పెడితే నారింజ రంగొచ్చి, పిల్లలు మళ్లీ పెట్టించుకోడానికి కూర్చోబోమంటున్నారనీ రాశారు. ఆలోచన మంచిదేనండీ, తేడా రుబ్బడంలో వచ్చింది.

నలుగురికి నాలుగైదు గుప్పెళ్ల ఆకు చాలు. కడిగాక నీడలో తడి ఆరనివ్వండి. గోళీకాయంత చింతపండు నానబెట్టి, ఆ రసమే రెండు మూడు చెంచాలు పోసి రుబ్బండి. పులుపు తగిలితే ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం బాగా దిగుతుంది. మిక్సీ తిరగడం లేదని నీళ్లు పోస్తే మాత్రం రంగు పలచబడుతుంది, ముద్ద వేలి మీద నిలవదు.

సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి మూడు నాలుగు గంటలు ఉంచాలి. మధ్యలో భోజనం వేళ వస్తుంది కాబట్టి ఒకరి చేతులు ఖాళీగా ఉండాలి. ఆ పని మీవారికి అప్పగించండి: పెద్ద బేసిన్‌లో పప్పన్నం, నెయ్యి కలిపి అందరికీ ముద్దలు పెట్టడం. (మీకు కూడా!) అరచేతిలో చందమామ, వేళ్లకు టోపీలు ఉంటే ఫోను ముట్టుకోమన్నా ముట్టుకోలేరు. టీవీని ముందుగానే ఆపేయండి.

తీసేటప్పుడు కడక్కుండా రాల్చేసి కొబ్బరినూనె రాయండి. మర్నాటి దాకా సబ్బు వద్దు. తీయగానే నారింజగానే ఉంటుంది, గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది.

జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్న పిల్లలకు అసలు పెట్టకండి. నల్లగా పండే కోన్లూ వద్దు, వాటిలో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం ఉంటే చర్మం బొబ్బలెక్కొచ్చు.