మిగిలింది నాలుగున్నరకి పెట్టు

చి.సౌ. బుజ్జికి పెద్దమ్మ దీవెనలు.

మొన్న ఫోన్లో రెండు బాధలు చెప్పావు. పిల్లలు బిస్కెట్ పాకెట్ విప్పి రెండు కొరికి వదిలేస్తున్నారనీ, రాత్రి అన్నం రోజూ మిగిలిపోతోందనీ. నాకు రెండూ ఒకటే అనిపిస్తోందమ్మా. ఆరింటికి చిప్స్ తిన్నవాడికి ఎనిమిదింటికి పప్పన్నం ఏం సయిస్తుంది?

కేకలేసి లాభం లేదు. పాకెట్ వాళ్ల చేతికివ్వడం మానెయ్. కొట్లో దండల్లా వేలాడదీసే అయిదు రూపాయల పాకెట్లయితే అసలు కొనొద్దని మీ ఆయనకి చెప్పు. ఏదైనా డబ్బాలో పోసి, మూత బిగించి పై అరలో పెట్టు. చిన్న గిన్నెలో నువ్వే వేసివ్వు, అది ఖాళీ అయ్యాకే మళ్లీ. మెత్తబడిన మరమరాలు, కారప్పూస పారెయ్యకు. సన్నసెగ మీద మూకుట్లో వేపి, ఉల్లిపాయ తరుగు, కాస్త కారం, నిమ్మరసం కలిపితే పిడతకింద పప్పే!

బడి నుంచి వచ్చే నాలుగున్నరకి వాళ్ల ఆకలి మీద ఏం పెట్టినా తింటారు. మిగిలినవి చెల్లాల్సిన వేళ అదే. పొద్దుటి ఇడ్లీలు ఫ్రిజ్‌లో పెట్టుకుని, సాయంత్రం ముక్కలు కోసి ఆవాలు, కరివేపాకు, కారప్పొడితో తాలింపు వెయ్యి. పులిసిన దోశపిండిలో బొంబాయి రవ్వ, ఉల్లిపాయ, జీలకర్ర కలిపితే పునుగులు. రోజూ నూనె ఎందుకనుకుంటే గుంతపొంగనాలు. చపాతీలు మిగిలితే మీ అత్తగారిని అడుగు, బెల్లం, నెయ్యి వేసి మలీద నలిపిస్తారు. వాళ్ల తెలంగాణ మలీద ముందు మన వంటలేవీ నిలవవు, ఈ మాట మీ అమ్మతో అనకు. నల్లబడ్డ అరటిపండుని గోధుమపిండి, బెల్లంతో కలిపి అట్లు పోసెయ్. ఇవన్నీ మిగిలినవని మాత్రం పిల్లల ముందు నోరు జారకు.

అన్నం దగ్గర మాత్రం పొదుపు చూడకు. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. రాత్రి భోజనాలు కాగానే వెడల్పు గిన్నెలోకి తీసి, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాడు పొగలొచ్చేలా తాలింపన్నం చెయ్, ఒక్కసారే. మనం చద్దన్నం తినలేదా అంటావేమో. అది మజ్జిగ పోసి పులియబెట్టింది, కుక్కర్లో వదిలేసింది కాదు. డబ్బాలో సగం తిని తెచ్చిన అన్నం, బయట ఉండిపోయిన కొబ్బరిపచ్చడి, జిగురొచ్చిన పప్పు పారెయ్. పాపమేం రాదు. డబ్బా రోజూ సగమే ఖాళీ అవుతుంటే రేపటి నుంచి సగమే పెట్టు.

సాయంత్రం పాకెట్లు ఆగితే రాత్రి అన్నం వాళ్లే తింటారు. అప్పుడేమీ మిగలక, నాలుగున్నరకి ఏం పెట్టాలి పెద్దమ్మా అని మళ్లీ ఫోన్ చేస్తావు. అటుకులు కొని ఉంచుకో.

మీ పెద్దమ్మ