పెద్ద వ్యాసం వెతికేవాళ్ల కంటపడాలంటే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నెలరోజులు కష్టపడి రాసిన వ్యాసం గూగుల్‌లో ఎక్కడా కనిపించడం లేదని బెంగపెట్టుకున్నావు. రాతలో లోపం లేదమ్మా, నేను రెండుసార్లు చదివాను. ముందు సెర్చ్ కన్సోల్ (సైటు ఉన్నవాళ్లకు గూగుల్ ఇచ్చే ఉచిత సాధనం) తెరిచి ఆ పేజీ అడ్రస్ ఇచ్చి చూడు. ఇండెక్స్‌లో, అంటే గూగుల్ వెతికే పేజీల జాబితాలో, చేరిందో లేదో అక్కడే తెలుస్తుంది. సైటు తయారుచేసేటప్పుడు, పేజీని ఆ జాబితాలో చేర్చవద్దని కోడ్‌లో పెట్టిన నోఇండెక్స్ ట్యాగు అలాగే ఉండిపోయిందేమో కూడా చూసుకో. అదుంటే మిగతా ఏం చేసినా వృథా.

నాకు అసలు అనుమానం, నువ్వు వ్యాసాన్ని ఐదు పేజీలుగా ముక్కలు చేయడం మీద. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. వెతికితే మూడో పేజీ మాత్రమే వచ్చేది. చదివేవాళ్లు నడిమధ్యలో దిగి, తలాతోకా తెలియక వెళ్లిపోయేవారు. ఎంత బాధపడ్డానో! పేజీల కోడ్‌లో తర్వాతిది, ముందుది ఏదో చెప్పే నెక్స్ట్, ప్రీవ్ అనే గుర్తులు పెడితే ముక్కలన్నీ ఒకే వ్యాసంగా చూస్తామని గూగుల్ 2011లో చెప్పింది, 2019లో వాటిని వాడటం లేదని తేల్చేసింది. అందుకే మొత్తం ఒకే పేజీలోకి తెచ్చెయ్. పొడుగైందని భయపడకు. ఉపశీర్షికలు పెట్టి, మొదట్లోనే వాటికి లింకులిస్తే ఎవరికి కావలసిన చోటికి వాళ్లు వెళ్తారు. పాత ఐదు అడ్రస్‌లనూ 301 రీడైరెక్ట్‌తో, అంటే పేజీ శాశ్వతంగా మారిందని చెప్పే దారిమళ్లింపుతో, కొత్త పేజీకి మళ్లించు. ముక్కల్ని అలాగే ఉంచి, కెనానికల్ ట్యాగుతో ('అసలు పేజీ ఇదీ' అని గూగుల్‌కు చెప్పే గుర్తు) అన్నిటినీ మొదటి పేజీకి మాత్రం చూపించకు. మిగతా నాలుగు పేజీల్లో రాసినది సెర్చ్‌లోకి రాకుండా పోవచ్చు.

నీ శీర్షిక నాకు చాలా నచ్చింది, మార్చమనను. కానీ ఆ మాటలతో ఎవరూ వెతకరు. సెర్చ్ ఫలితాల్లో కనిపించే పేరు కోసం కోడ్‌లో ఉండే టైటిల్ ట్యాగులో విషయం సూటిగా చెప్పు, పేజీ మీద నీ శీర్షికే ఉండనీ.

గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011లో మొదలుపెట్టిన స్కీమా డాట్ ఆర్గ్ గురించి విన్నావు కదా, పేజీలో ఏముందో యంత్రాలకు అర్థమయ్యేలా చెప్పే గుర్తుల పద్ధతి. అందులోని 'ఆర్టికల్' రకం వాడి శీర్షిక, రచయిత పేరు, తేదీ, బొమ్మ ఇవ్వు. 2013లో గూగుల్ సెర్చ్ ఫలితాల్లో లోతైన వ్యాసాలకు విడిగా చోటు పెట్టినప్పుడు కూడా దాదాపు ఇవే అడిగింది. ఇవి ఇస్తే పైకి వస్తుందన్న హామీ లేదు, కానీ అది ఎవరు ఎప్పుడు రాసిన వ్యాసమో యంత్రం ఊహించుకోవలసిన పని తప్పుతుంది. బొమ్మ వెడల్పు కనీసం 1200 పిక్సెళ్లు ఉండాలి. వెతకకుండానే ఫోన్‌లో గూగుల్ చూపించే వ్యాసాల వరుస, డిస్కవర్‌లో పెద్దగా కనిపించాలంటే అది అవసరం.

ఇంకొకటి, నీ పాత వ్యాసాల నుంచి దీనికి ఒక్క లింకూ లేదు! 'ఇక్కడ చూడండి' అని కాకుండా, విషయం తెలిసే మాటల మీద లింకు పెట్టు. ఇవాళే కూర్చుంటే సాయంత్రానికి అయిపోతుంది.

అన్నీ అయ్యాక సెర్చ్ కన్సోల్‌లో ఇండెక్సింగ్ అడుగు. కొన్ని రోజులు పట్టవచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చు. రోజూ చూసుకుని టెన్షన్ పడకు. రెండు వారాలయ్యాక ఫోన్ చెయ్యి, ఏ మాటలకు కనిపిస్తోందో కలిసి చూద్దాం.

మీ మామయ్య