తాతగారి ఫొటోలు దాచండి, ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి

ప్రశ్న: మాది సికింద్రాబాద్. తాతగారి ట్రంకు పెట్టెలో 'రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్' ముద్ర ఉన్న గోధుమరంగు ఫొటోలు రెండు దొరికాయి. వాటిని చూసిన ఒక డీలర్ తన దగ్గరున్న వందేళ్లు దాటిన ప్లాటినం ప్రింట్‌ను రూ.3 లక్షలకు ఇస్తానంటున్నారు. పదేళ్లలో పదింతలవుతుందట. నాకు రూ.8 లక్షల ఎఫ్‌డీ ఉంది. రెండేళ్లలో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. కొనమంటారా?

జవాబు: వద్దండీ. ఫీజు డబ్బుతో అయితే అసలే వద్దు.

ప్లాటినం అనగానే మనకు నగల షాపు గుర్తొస్తుంది. ప్లాటినం ప్రింట్ అంటే వెండికి బదులు ప్లాటినంతో కాగితంపై తెప్పించిన ఫొటో. ఆ కాగితంలో ఉండే లోహం ధర లెక్కలోకే రాదు. 1873లో విలియం విల్లిస్ ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్న ఈ పద్ధతికి పేరొచ్చింది మన్నిక వల్ల. వెండితో చేసిన బొమ్మ వెలిసిపోవచ్చు, ప్లాటినం బొమ్మ అంత తేలిగ్గా వెలవదు. అయితే ఎక్కువ కాలం నిలిచేదంతా ఎక్కువ ధర పలకదు.

డీలర్ మీకు స్టైకెన్ కథ చెప్పే ఉంటారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ తీసిన న్యూయార్క్ భవనం ఫొటో 'ది ఫ్లాటైరన్' 2022 నవంబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో దాదాపు 1.18 కోట్ల డాలర్లు పలికింది. అదీ ప్లాటినం ప్రింటే, పైన గమ్ బైక్రోమేట్ (జిగురులో రంగు కలిపి వేసే) పొరతో. కానీ తీసింది స్టైకెన్. అలాంటి మరో మూడు ప్రింట్లు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి, అవి బజారుకు రావు. అమ్మకానికి వచ్చింది మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ సేకరణలోంచి. ఊరూ పేరూ తెలియని స్టూడియో తీసిన ఏ దొరగారి కుటుంబం ఫొటోకైనా అదే ప్లాటినం వాడారు. దాన్ని రేపు మీ దగ్గర కొనేదెవరు? ఆ డీలర్‌నే అడిగి చూడండి, 'ఏడాది తర్వాత ఇదే ధరకు వెనక్కి తీసుకుంటానని రాసిస్తారా?' అని.

విదేశాల్లో అమ్ముకుందామనుకుంటే 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. వందేళ్లు దాటిన కళాఖండాలు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అంటే ఆ న్యూయార్క్ ధర మీకు చూసి మురవడానికే. అదే రూ.3 లక్షలు ఏడు శాతం వడ్డీతో పదేళ్లు ఉంచితే, పన్ను పోకముందు సుమారు రూ.5.9 లక్షలు చేతికొస్తాయి. పదింతలు కాదు గానీ, నిద్ర పడుతుంది.

ఇక మీ ఫొటోల సంగతి, నాకు ఆసక్తి కలిగించింది ఇదే. దీన్‌దయాళ్ (1844-1905) ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. ఆయన కాలపు ప్రింట్లలో చాలావరకు ఆల్బుమెన్‌వి: గుడ్డు తెల్లసొన పూసిన పలుచని కాగితాన్ని దళసరి అట్టకు అంటిస్తారు. భూతద్దంలో చూస్తే అచ్చు చుక్కలు కనబడకూడదు. చుక్కలుంటే అది పుస్తకంలోంచి చింపిన బొమ్మే. ఆయన తర్వాత స్టూడియోను కొడుకులు నడిపారు కాబట్టి, ముద్ర ఉన్నంత మాత్రాన ఆయనే తీశారని అనుకోకండి.

ఫొటోలను అట్ట నుంచి ఊడదీయకండి, లామినేషన్ చేయించకండి. అట్ట వెనక పెన్సిల్ రాత ఏదైనా ఉంటే దాన్ని చెరపకుండా ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకోండి, రేపు విలువ కట్టేవాళ్లు మొదట అడిగేది అదే. ఎప్పుడైనా అమ్మితే, తాతగారి దగ్గరున్న కాలం కూడా కలుస్తుంది కనుక లాభంపై దీర్ఘకాలిక పన్ను 12.5 శాతం పడొచ్చు. అమ్మే ముందు మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి. గోడకు తగిలించాలని ఉంటే స్కాన్ కాపీ తగిలించండి, అసలువి చెమ్మ తగలని బీరువాలో ఉండనివ్వండి.