గిఫ్ట్ అని రాసినా సుంకమా?

ప్రశ్న: మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. పండక్కి తనకీ అల్లుడికీ మనవడికీ బట్టలు, కొంచెం ఆవకాయ పోస్టులో పంపితే అక్కడ డబ్బు కట్టించుకున్నారట. గిఫ్ట్ అనే రాశాం కదా, ఎందుకు కట్టాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: గిఫ్ట్ అని రాసినంత మాత్రాన సరిపోదమ్మా, విలువ చూస్తారు. బ్రిటన్‌లో గిఫ్టుకి 39 పౌండ్ల వరకే, అంటే మన డబ్బుల్లో నాలుగున్నర వేలకు అటూ ఇటూగా, మినహాయింపు ఉంది. అది దాటితే వ్యాట్ పడుతుంది, 135 దాటితే కస్టమ్స్ సుంకం కూడా. వాటిని వసూలు చేసినందుకు అక్కడి పోస్టు వాళ్లు వేరే ఫీజు తీసుకుంటారు, అసలు మంట అదే.

అయితే ఒక వెసులుబాటు ఉంది. ఒకే డబ్బాలో ముగ్గురికి పంపినా, ఎవరిది వాళ్లకి విడిగా చుట్టి, పేరు రాసి, కస్టమ్స్ ఫారంలో ‘అమ్మాయికి కాటన్ చీర, ఇంత’, ‘అల్లుడికి చొక్కా, ఇంత’ అని వేర్వేరు వరుసల్లో విలువలతో నింపితే మనిషికి 39 పౌండ్ల చొప్పున లెక్కేస్తారు. ఉత్త ‘బట్టలు’ అని గీకేసి ఇవ్వకండి. పోనీ విలువ తగ్గించి రాద్దామా అంటారేమో, వద్దు, పట్టుకుంటే పార్సిలే పోతుంది.

ఆవకాయ సరే, నూనె కారకుండా చూసుకోండి. నెయ్యి, మాంసం పచ్చళ్లు మాత్రం మన దేశం నుంచి అక్కడికి రానివ్వరు.