విరిగిన షాఫ్టును తూకానికి వేయకండి

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మా వారు పోయాక లారీలు నేనే చూసుకుంటున్నాను. ఒక బండికి ఏడాది తిరక్కుండానే గేరు బాక్సు రెండోసారి దించాల్సి వచ్చింది. మొదటిసారి మెయిన్ షాఫ్ట్ విరిగింది. ఈసారి క్లచ్ ప్లేటు మాడిపోయింది, పైగా మూడో గేరు వేస్తే నిలవకుండా ఊడి న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. డ్రైవరేమో నాసిరకం సామాను వేశారంటాడు, మెకానికేమో నడపడం చేతకాదంటాడు. నాకు యంత్రాల సంగతి తెలియదు. ఎవరి మాట నమ్మాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇద్దరి మాటలూ పక్కన పెట్టి ముందు పాత సామాను తెప్పించుకోండి. విరిగిన ముక్కలను చాలామంది ఓనర్లు ఆ రోజే తూకానికి వేసేస్తారు. అసలు సంగతి చెప్పగలిగేవి అవే. వాటిని చూడటానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. డీజిల్‌తో శుభ్రంగా కడిగించి ఎండలో పెట్టి చూడండి.

మెయిన్ షాఫ్ట్ అంటే గేరు బాక్సులోంచి చక్రాల వైపు బలాన్ని పంపే కడ్డీ. అది విరిగిన చోట మొహం మీద ఎక్కువ భాగం నునుపుగా ఉండి, ఒక అంచు దగ్గర మొదలైన వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తే, అది ఒక్క రోజులో విరిగింది కాదు. ముందు వెంట్రుకంత పగులు పుట్టి, ప్రతి కుదుపుకీ కొంచెం కొంచెం లోపలికి పాకి, చివరికి మిగిలిన ఇనుము బరువు మోయలేక తెగింది. మొహమంతా ఒకే తీరుగా గరుకుగా, పలుకులు తేలి ఉంటే మాత్రం ఒక్క దెబ్బకే పోయిందని అర్థం. మూడో గుర్తు స్ప్లైన్ల దగ్గర, అంటే షాఫ్ట్ మీది గాట్ల దగ్గర ఉంటుంది. షాఫ్ట్ పొడవునా తిన్నగా ఉండాల్సిన గాట్లు పక్కకి మెలితిరిగి ఉంటే, అది తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ మెలి దాని మీద పడింది.

నాసిరకం ఉక్కు కూడా విరుగుతుంది, కాదనను. అందుకే ఒక్క షాఫ్ట్ చూసి తీర్పు చెప్పకూడదు. గేరు బాక్సు నుంచి వెనక ఇరుసుకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ళు (క్రాసులు), వెనక ఇరుసు హౌసింగ్‌లో చక్రాలను తిప్పే క్రౌన్, పినియన్ గేర్ల పళ్ళు కూడా విప్పించి చూడండి. నడపడంలో వచ్చే దెబ్బ గేరు బాక్సులోనే ఆగదు, చక్రాల దాకా వరుసగా అందరికీ తగులుతుంది. ఆ పళ్ళ మీద కూడా పెచ్చులు లేచి, క్రాసుల్లో సూది బేరింగుల గాట్లు పడి ఉంటే సామాను మీద నెపం వేయడం కష్టం.

ఇంత దెబ్బ ఎక్కడిదంటారా? ఇంజన్ 1,000 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుందనుకోండి. మొదటి గేరు నిష్పత్తి 9 అయితే, గేరు బాక్సు వెనక వైపు నుంచి బయటికి వచ్చేది 9,000. అంతవరకూ మోయడానికే దాన్ని తయారుచేశారు. కానీ డ్రైవర్ ఎక్సలేటర్ గట్టిగా తొక్కి, క్లచ్ మీద నుంచి కాలు టక్కున తీసేస్తే ఇంజన్ బలంతో పాటు, ఇంజన్ వెనక గిర్రున తిరుగుతున్న బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్‌లో దాగిన శక్తి కూడా ఒక్క క్షణంలో షాఫ్ట్ మీద పడుతుంది. బురదలో చక్రాలు ఊరికే తిరుగుతున్నప్పుడు ఎక్సలేటర్ వదలకుండా అలాగే తొక్కి పట్టి, చక్రానికి గట్టి నేల తగిలినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మెయిన్ షాఫ్టులు విరిగేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. చక్రం జారడం మొదలైతే కాలు తీసేయాలి, మళ్ళీ మెల్లగా ప్రయత్నించాలి, లేదా కింద రాళ్ళు వేసుకోవాలి. ఆ కాస్త ఓపిక చాలు.

ఇక మాడిన క్లచ్. క్లచ్ ప్లేటుని నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటు, ఫ్లైవీల్ మొహం చూడండి. నీలం మచ్చలు, సన్నటి పగుళ్ళు ఉన్నాయా? ఉక్కు నీలం తిరగాలంటే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. అంత వేడి ఒక్క పొరపాటుతో పుట్టదు, రోజూ చేసే పనితో పుడుతుంది. లోడు బండిని మొదటి గేరులో కదపడం బద్ధకమై మూడో గేరులో లాగించేవాళ్ళు చాలామంది ఉన్నారు. మొదటి గేరు నిష్పత్తి 9, మూడోది 4.5 అనుకుంటే, చదునైన రోడ్డు మీద అదే ఇంజన్ వేగం దగ్గర క్లచ్ మింగాల్సిన వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. క్లచ్ పూర్తిగా పట్టుకునేసరికి బండి రెండింతల వేగం అందుకోవాలి, శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి లెక్క అలా తేలుతుంది. ఎత్తు మీదైతే ఇంకా ఎక్కువ. ఆగి ఉన్న బండి వెనక్కి జారకుండా బ్రేకు వాడక, క్లచ్ సగం వదిలి పట్టి ఉంచడమూ ఇలాంటిదే. మీ డ్రైవర్ ఏ గేరులో కదుపుతున్నాడో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. అడిగితే ఎవరూ చెప్పరు.

మూడో గేరు ఊడిపోవడానికి వేరే చరిత్ర ఉంటుంది. గేరు మార్చేటప్పుడు ముందు సింక్రోనైజర్ రింగు రెండు పక్కల వేగాలనూ కలపాలి, ఆ తర్వాతే రాడ్డుతో జరిగే స్లీవు (లోపల పళ్ళున్న కడియం) పళ్ళు గేరు పళ్ళలోకి దూరాలి. ఆ రింగు లోపలి వైపు వేలు పెట్టి తడిమితే సన్నటి గీతలు తగలాలి, వేలికి కొంచెం పదునుగా. అవి నూనె పొరను కోసి, రింగు గేరు పక్కనున్న కోన్‌ని పట్టుకునేలా చేస్తాయి. సింక్రో కలపకముందే రాడ్డుని బలంగా తోసేవాడి బండిలో ఆ గీతలు అరిగి అద్దంలా నున్నబడతాయి. అక్కడి నుంచి రింగు పట్టదు, నూనె మీద జారుతుంది. ఇక పళ్ళకు పళ్ళు కొట్టుకుంటాయి. మీరు రోజూ వినే ఆ ‘కర్ర్’ అదే. కొట్టుకున్న పళ్ళ కొసలు గుండ్రబడతాయి, గుండ్రబడిన పన్ను లోడు పడగానే బయటికి జారుతుంది. సగం మాత్రమే పడ్డ గేరుతో లాగించినా ఫలితం ఇదే.

డ్రైవర్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. క్లచ్ అడ్జస్ట్‌మెంట్ సరిగా లేకపోతే పెడల్ అడుగు దాకా తొక్కినా ప్లేటు పూర్తిగా విడవదు, ఎంత మంచి చేతికైనా గేరు అరుస్తుంది. అది చూపించండి. బండికి రాసిన బరువు మించి లోడెక్కించి, వేళ మించకుండా చేరుకోమని ఫోన్ మీద ఫోన్ చేస్తే అతను మొదటి గేరు వేసుకుని నింపాదిగా కదలడు. ఇవి రెండూ లేవని తేలాకే అతన్ని అడగండి. తప్పు నడపడంలోనే ఉందని తేలినా వెంటనే మానిపించకండి. విరిగిన ముక్క చేతికిచ్చి చూపించండి. తన అలవాటు ఏం చేసిందో కళ్ళారా చూసినవాడు మారడం నేను చూశాను.

ప్రశ్న: అన్నా, నేను లోడు లారీ నడుపుతాను. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందని మా సీనియర్లు నేర్పారు. గేరు బాక్సు పాడవుతుందని ఈ మధ్య ఒకరన్నారు. నిజమేనా?
- ఒక డ్రైవర్

జవాబు: తమ్ముడూ, గేరు బాక్సు కన్నా ముందు నీ ప్రాణం సంగతి. లోడుతో న్యూట్రల్‌లో దిగితే ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ములు వేడెక్కాయంటే ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. అప్పుడు గేరు వేద్దామన్నా ఆ వేగంలో పడదు.

డీజిల్ లెక్క కూడా తప్పే. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇంజన్ గేరులో ఉండి, నువ్వు ఎక్సలేటర్ వదిలి దిగుతుంటే, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. డీజిల్ చుక్క కూడా లోపలికి పోదు. న్యూట్రల్ చేశావా, ఐడిలింగ్‌లో ఆగిపోకుండా ఉండటానికి అది డీజిల్ తాగాల్సిందే. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటరే స్వల్ప వాలు మీద తనంతట తాను న్యూట్రల్ చేస్తుంది. వేగం పెరగగానే మళ్ళీ గేరులోకి తెచ్చేది కూడా అదే. దాన్ని చూసి ఘాట్‌లో నువ్వు చేయకు.

గేరు బాక్సు ఎలా పాడవుతుందంటావా? లోపల నూనెని పైకి చిమ్మేది అడుగున తిరిగే లే షాఫ్ట్ గేర్లు. వాటిని తిప్పేది ఇంజన్. మెయిన్ షాఫ్ట్‌ని తిప్పేది చక్రాలు. న్యూట్రల్‌లో వేగంగా దిగుతుంటే పైన మెయిన్ షాఫ్ట్ జోరుగా తిరుగుతుంది, కింద లే షాఫ్ట్ ఐడిలింగ్ వేగంతో నెమ్మదిగా తిరుగుతుంది. నూనె ఎక్కువ కావాల్సినప్పుడే తక్కువ అందుతుంది. కొందరు ఇంజన్ కూడా ఆపేస్తారు. అప్పుడు చిమ్మేవాడే ఉండడు. ఎయిర్ కంప్రెసర్ ఆగుతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది.

న్యూట్రల్ వద్దంటే క్లచ్ తొక్కి పట్టి దిగుతామనేవాళ్ళు ఉన్నారు. అది మరీ ప్రమాదం. రెండో గేరు నిష్పత్తి 6, హౌసింగ్‌ది 5, టైరు ఒక చుట్టుకి 3.2 మీటర్లు పోతుందనుకో. బండి గంటకు 50 కిలోమీటర్లు అందుకుంటే క్లచ్ ప్లేటు నిమిషానికి దాదాపు 7,800 చుట్లు తిరుగుతుంది. ఇలాంటి ఇంజన్ల హద్దు సాధారణంగా 2,500 లోపే. ఆ వేగానికి లైనింగు చీలి, ముక్కలు క్లచ్ చుట్టూ ఉండే బెల్ హౌసింగ్‌ని పగలగొట్టుకుని బయటికి వస్తాయి. నీ కాలు ఉండేది దానికి దగ్గర్లోనే.

ప్రశ్న: బండి దారిలో ఆగిపోతే న్యూట్రల్ చేసి ఇంకో బండికి కట్టి లాక్కెళ్ళవచ్చా?

జవాబు: పక్కకి తీయడానికైతే సరే. దూరం లాగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేయండి, లేదా యాక్సిల్ షాఫ్టులు పీకి హబ్బులకు మూతలు బిగించండి. వెనక చక్రాలు నేలకి తగలకుండా ఎత్తి లాగినా మంచిదే. కారణం పైన చెప్పిందే. చక్రాలు మెయిన్ షాఫ్ట్‌ని తిప్పుతాయి, నూనె చిమ్మే లే షాఫ్ట్ కదలదు. ఇంజన్ రిపేరుకని లాక్కొచ్చిన బండికి గేరు బాక్సు కూడా మార్చాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించే విషయం. నాలుగు బోల్టులు విప్పితే తప్పిపోయేది.

ప్రశ్న: గేరు రాడ్డు మీద చెయ్యి పెట్టుకుని నడపడం నాకు అలవాటు. నష్టమా?

జవాబు: నష్టమే. మీ చేతి బరువు రాడ్డు గుండా, స్లీవుని జరిపే లోపలి ఫోర్కు మీద పడుతుంది, ఫోర్కు కొస తిరుగుతున్న స్లీవు గాడిని రాసుకుంటూనే ఉంటుంది. క్లచ్ పెడల్ మీద ఊరికే కాలు ఆనించడం వల్ల క్లచ్‌ని విడిపించే రిలీజ్ బేరింగు పోయేదీ ఇలాగే. చెయ్యి స్టీరింగ్ మీద, కాలు కింద పెట్టుకోండి.

ప్రశ్న: ఈసారి క్లచ్ పెడల్ లేని ఆటోమేటెడ్ గేర్ల లారీ కొందామనుకుంటున్నాం. ఇక డ్రైవర్ పాడుచేసే వీలుండదు కదా?

జవాబు: ఉంటుంది, కాకపోతే తగ్గుతుంది. వీటిలో చాలావాటికి పెడల్ లేదే గానీ లోపల ఉన్నది మామూలు క్లచ్ ప్లేటే, దాన్ని కలిపేదీ విడదీసేదీ కంప్యూటర్. తప్పుడు గేరు వేయనివ్వదు, పళ్ళు కొట్టుకోనివ్వదు, ఆ మేలు గట్టిదే. కానీ ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా ఎక్సలేటర్‌తోనే బండిని నిలబెట్టి ఉంచితే ప్లేటు అలాగే మాడుతుంది. ట్రాఫిక్‌లో ముందు బండి వెనకే అంగుళం అంగుళం పాకించినా అంతే. క్లచ్ వేడెక్కిందని డాష్‌బోర్డు హెచ్చరిస్తే పూర్తిగా ఆగాలి, లేదా ప్లేటు పూర్తిగా పట్టుకునే వేగంతో సాగిపోవాలి. బండి ఇంకా ముందుకు దొర్లుతుండగా రివర్స్ నొక్కకూడదు. డెలివరీ తీసుకునే రోజు మీ డ్రైవర్‌ని వెంట తీసుకెళ్ళి, ఈ హెచ్చరికలు ఎలా కనిపిస్తాయో అతనికే చూపించమనండి.