క్వాంటమేనియాలో యాంట్‌మ్యాన్ సైజు ఎందుకు తెలియలేదు

ఎంతో ఎదురుచూసి, చూశాక ఉసూరుమనిపించిన సూపర్‌హీరో సినిమా ఏది, లోపం ఎక్కడుంది అని అడిగారు. నా జవాబు 2023 ఫిబ్రవరిలో వచ్చిన ‘యాంట్‌మ్యాన్ అండ్ ద వాస్ప్: క్వాంటమేనియా’. మార్వెల్‌లో ఇంతకంటే నీరసమైనవి ఉండొచ్చు, కానీ తన బలమేంటో తనే వదిలేసుకున్న సినిమా మాత్రం ఇదే.

యాంట్‌మ్యాన్ అసలు పేరు స్కాట్ లాంగ్. అతని అసలు బలం, చీమంత అయిపోవడం లేదా కొండంత పెరగడం. అది తెరమీద పండాలంటే పక్కన మనకు కొలత తెలిసిన వస్తువు ఉండి తీరాలి. 2015లో వచ్చిన మొదటి సినిమా నిండా అవే. బాత్‌టబ్‌లో నీళ్లు వదిలితే అతనికి అదే వరద. ఆఖరి ఫైట్ చిన్నపిల్ల గదిలో, బొమ్మ రైలు దగ్గర. దగ్గర్నుంచి చూస్తే రైలు మీదికి దూసుకొస్తుంటుంది, కెమెరా వెనక్కి రాగానే ప్లాస్టిక్ బొమ్మ పట్టాలు తప్పి పక్కకి ఒరుగుతుంది, అంతే! 2018 సినిమాలోనైతే ఒక బిల్డింగ్‌నే సూట్‌కేసంత చేసి లాక్కెళ్లిపోతారు.

మూడో సినిమా కాసేపటికే అందర్నీ క్వాంటమ్ లోకంలోకి, అంటే అణువుకంటే చిన్నదైన మరో ప్రపంచంలోకి లాగేసి, దాదాపు చివరిదాకా అక్కడే ఉంచేసింది. అక్కడ ఇళ్లకు ప్రాణముంటుంది, మనుషుల్లో రకరకాల ఆకారాలుంటాయి, ఏదీ మనం ఎప్పుడూ చూసింది కాదు, కాబట్టి దేని సైజూ మనకు తెలియదు. బెంగళూరు మారతహళ్లి దగ్గర మల్టీప్లెక్స్‌కి మా అన్నయ్య కొడుకుని తీసుకెళ్లాను, వాడు మధ్యలో నా చెయ్యి లాగి “బాబాయ్, ఇప్పుడు ఆయన పెద్దగా అయ్యాడా, అవతలివాళ్లే చిన్నవాళ్లా?” అని అడిగాడు. సినిమా లోపమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మన పోతన వామనుణ్ని పెంచిన తీరు గుర్తు తెచ్చుకోండి. మబ్బుల్ని దాటాడు, చంద్రుణ్ని దాటాడు, ధ్రువనక్షత్రాన్ని దాటాడు అంటాడు. సూర్యబింబం ముందు గొడుగులా, తర్వాత తలమీద రత్నంలా, చెవి కమ్మలా, మెడలో నగలా, చివరికి పాదపీఠంలా కనిపిస్తుంది. సూర్యుడు మనకు తెలుసు కాబట్టే ఆ పెరుగుదల ఒళ్లు గగుర్పొడిచేలా ఉంటుంది.

చాలామంది గ్రాఫిక్స్ బాగాలేవని తిట్టారు. బెంగళూరులో వీఎఫ్ఎక్స్ పని చేసే స్నేహితులు నాకున్నారు, డెడ్‌లైన్ టెన్షన్‌లో రాత్రుళ్లు ఎలా కూర్చుంటారో చూశాను, వాళ్లని అనడం నాకు కష్టంగా ఉంటుంది. ఎంత బాగా గీసినా, కొలత లేని చోట ఈ హీరో పెరిగితే ఎంత, తగ్గితే ఎంత.

కథలో ఇంకో బాధ ఉంది. అంతకుముందు వచ్చిన ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’లో, క్వాంటమ్ లోకంలో ఇరుక్కున్న స్కాట్‌కి ఐదు గంటలు గడిచేసరికి బయట ఐదేళ్లు గడిచిపోయి, కూతురు క్యాసీ పెరిగిపోయింది. కాలాన్ని ఏలే విలన్ కాంగ్ వచ్చి, నీకు పోయిన కాలాన్ని తిరిగిస్తానంటే ఏ తండ్రి ఊగిపోడు? సినిమా మొత్తం దానిమీదే నడపొచ్చు. ఆ మాట ఎత్తి, వెంటనే వదిలేశారు. హీరోయిన్ తల్లి జానెట్ సంగతి సరేసరి, ముప్పై ఏళ్లు ఆ లోకంలో బతికిన మనిషి, అందరూ అక్కడ చిక్కుకున్నాక కూడా చాలాసేపటిదాకా కాంగ్ గురించి నోరు విప్పదు, ఆమె చెప్పేస్తే కథ ముందే తేలిపోతుందని తప్ప ఇంకో కారణం కనిపించదు. మొదటి రెండు సినిమాల్లో కడుపుబ్బ నవ్వించిన స్కాట్ స్నేహితుడు లూయిస్ అసలు లేనే లేడు.

కాంగ్‌గా జోనథన్ మేజర్స్ బాగా చేశాడు, ముఖ్యంగా జానెట్‌తో పాత రోజుల సీన్లలో. కానీ రాబోయే అవెంజర్స్ సినిమాకే మూలస్తంభం అనుకున్న విలన్‌ని చీమల దండు కూలదోశాక ఇంకేం భయం మిగులుతుంది? అమెరికాలో రెండో వారాంతానికి వసూళ్లు 70 శాతం దాకా పడిపోయాయి. ఆ తర్వాత 2023 డిసెంబర్‌లో కోర్టు కేసులో దోషిగా తేలిన మేజర్స్‌ని మార్వెల్ తప్పించింది, 2024 జులైలో కాంగ్ ప్లాన్ పక్కన పెట్టి డాక్టర్ డూమ్ అనే మరో విలన్‌ని ప్రకటించింది. అంటే ఈ సినిమా ఏ కథకోసం దారి వేసిందో ఆ కథే ఇప్పుడు లేదు.

అయినా చూస్తానంటే ఒక్క సీన్ కోసం చూడండి. స్కాట్‌లు లెక్కలేనంతమంది పుట్టుకొచ్చి, తోపులాడుకుంటూ, క్యాసీ గొంతు వినగానే అందరూ ఒక్కటై, చీమల్లా ఒకరిమీద ఒకరెక్కి గుట్టగా లేస్తారు. అక్కడ మాత్రం మావాడు నన్నేమీ అడగలేదు.