గర్భసంచి తీయించుకోక తప్పదా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 43 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. గర్భసంచి గోడలో 6 సెం.మీ. ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) ఉందన్నారు. నెలసరిలో గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తోంది. ఆపరేషన్ ఒక్కటే దారా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఒక్కటే కాదమ్మా. యుటెరైన్ ఆర్టరీ ఎంబోలైజేషన్ ఉంది, అంటే గర్భసంచికి రక్తం తెచ్చే ధమనులను మూసేయడం. గజ్జల్లోనో మణికట్టులోనో తిమ్మిరి సూది వేసి, రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపుతారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ గర్భాశయ ధమని దాకా నడిపి, 500–900 మైక్రాన్ల రేణువులు వదులుతారు. ఉప్మా రవ్వంత అనుకోండి. ఇవి రక్తం దారిని మూసేస్తాయి. కుడి, ఎడమ ధమనులు రెండూ మూయాలి. ఒక పక్క వదిలేస్తే గడ్డకు అటునుంచి రక్తం అందుతూనే ఉంటుంది. రక్తం అందని గడ్డ ఆరు నెలల్లో దాదాపు సగానికి కుంచించుకుపోతుంది, మాయమైపోదు.

మొదటి రోజు నొప్పి గట్టిగానే ఉంటుంది. కొన్నాళ్లు కొద్దిపాటి జ్వరం, నీరసం మామూలే. వారం దాటాక చలిజ్వరం, దుర్వాసనతో స్రావం ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి సాధారణంగా దీన్ని మొదట సూచించం.

ముందు ఎంఆర్‌ఐ స్కాన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించాలి. మీ వయసుకు గర్భసంచి లోపొర బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) కూడా. హిమోగ్లోబిన్ మాత్రం ఈ వారమే చూపించుకోండి. బరంపురమో విశాఖో బయలుదేరేముందు అక్కడ ఈ చికిత్స చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు ఉన్నారేమో ఫోన్‌లో కనుక్కోండి.